తిరగేసి చూడని యంత్రం

ధ్యానం కోసం: మత్తయి 23:25–28, ఎఫెసీయులకు 4:26



ఈ వారం మీతో గడ్డి కోసే యంత్రం గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నవ్వకండి. పొరుగు మండలాల నుండి ఇద్దరు సేవకులు ఫోన్ చేసి, "అయ్యగారూ, మా సంఘానికీ ఒక మిషన్ ఇచ్చారు. దానిని ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. ఫోన్‌లో రెండు మాటలు చెప్పి పెట్టేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళకు చెప్పకుండా దాచింది ఒకటుంది. అది కూడా చెబితేనే పూర్తిగా చెప్పినట్టు.

మా సంఘం సముద్రానికి దగ్గర. గాలిలోనే ఉప్పుంటుంది. కిటికీ ఊచలు, సైకిల్ చైన్లు, మందిరం గేటు గొళ్ళెం ఏవైనా సరే, ఇక్కడ ఇనుము రెండు మూడేళ్ళకే పొరలు లేస్తుంది. మందిరానికి ఫర్లాంగు దూరంలో సమాధుల తోట ఉంది. ఇసుక నేల. గరిక, తుంగ కలిసి మోకాలెత్తు పెరుగుతాయి. ఈస్టర్ నాడు తెల్లవారుజామున అక్కడే ఆరాధన చేస్తాం. నవంబర్ 2న కూడా కుటుంబాలు వచ్చి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఆ రెండు రోజుల ముందు గడ్డి కోయించడం ప్రతి ఏడూ ఒక తలనొప్పి. కొడవళ్ళు పట్టేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినా, ఆ కూలి ఇవ్వడానికి మా పెట్టెలో డబ్బు చాలదు.

నాలుగేళ్ళ క్రితం, కువైట్‌లో ఇళ్ళలో పనిచేసుకునే మా సంఘపు సహోదరి ఒకామె వాళ్ళమ్మ జ్ఞాపకార్థం డబ్బు పంపింది. ఆ తల్లి సమాధి ఆ తోటలోనే ఉంది. ఆ డబ్బుతో పట్నం నుండి పెట్రోలు మిషన్ కొన్నాం. నాలుగు చక్రాలు, వెనక పట్టుకుని తోసే పిడి, పైన ఇంజన్, కింద 21 అంగుళాల బ్లేడు. బ్లేడు చుట్టూ బోర్లించిన మూకుడులా ఒక ఇనుప రేకు ఉంటుంది. కంపెనీ పుస్తకంలో దాన్ని డెక్ అన్నారు. మేం డొప్ప అంటాం. ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడేది. ప్రతిష్ఠ ప్రార్థన చేసి, ఫోటో తీసి ఆమెకు పంపాను.

ఆ తర్వాత మూడేళ్ళకు పైగా నేను చేసిన నిర్వహణ ఏమిటంటే, పైన తడిగుడ్డతో తుడవడం. అంతే. ఆయిలు చూసేవాణ్ణి, పెట్రోలు పోసేవాణ్ణి, తుడిచి మందిరం వెనక గదిలో పెట్టేవాణ్ణి. పండుగల ముందు ఒక ఫోటో తీసి కువైట్‌కు పంపేవాణ్ణి. ఆమె "దేవునికి స్తోత్రం అయ్యగారూ" అని జవాబిచ్చేది. ఒక్కసారి కూడా దాన్ని తిరగేసి చూడలేదు.

లోపల ఏం జరుగుతుందో తర్వాత తెలుసుకున్నాను. అప్పుడే కోసిన పచ్చిగడ్డిలో చాలావరకు నీళ్ళే ఉంటాయి. బ్లేడుకు తగిలి గడ్డి నలిగి, జిగటగా మారి డొప్ప లోపలి గోడకు అంటుకుంటుంది. మొదటి పొర అంటుకుంటే రెండో పొరకు పట్టు దొరుకుతుంది. రెండోది మూడోదానికి. నాలుగైదు కోతలయ్యేసరికి పేడతో మెత్తినట్టు మందమైన చెక్కు కడుతుంది. బయటి పొర ఎండి గట్టిగా ఉంటుంది, ఇనుముకు ఆనుకున్న పొర మాత్రం రోజుల తరబడి తడిగానే ఉంటుంది. ఇనుముకు తడి, గాలి రెండూ అందితే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగును లోపలినుండి నెట్టి బుడగలా లేపుతుంది. ఆ బుడగ పగిలితే నీళ్ళకు ఇంకొక దారి దొరుకుతుంది.

చెక్కు కట్టిన మిషన్ కోత కూడా సరిగా కోయదు. బ్లేడు తిరిగేటప్పుడు డొప్పలో గాలి సుడి తిరిగి గడ్డిని నిలబెట్టాలి, కోసినదాన్ని బయటికి నెట్టాలి. చోటు ఇరుకైతే ఆ సుడి రాదు. గడ్డి ఒకచోట తెగి ఒకచోట వంగిపోతుంది. తడి ముద్దలు ముద్దలుగా రాలుతుంది. ఇంజన్ మూలుగుతుంది. మా మిషన్ ఏడాదిపాటు ఇవన్నీ చేసింది. నేను పెట్రోలు బంకువాణ్ణి అనుమానించాను.

రెండేళ్ళ క్రితం డొప్ప పైన, గడ్డి బయటికి వచ్చే నోటి దగ్గర, రంగు రెండుచోట్ల బుడగలా లేచింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. అప్పుడైనా తిరగేసి చూడాల్సింది. నేనేం చేశానంటే, బజారుకు వెళ్ళి చిన్న ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా కొని, ఆ బుడగల మీద రెండు చేతులు రంగు వేశాను. చక్కగా కలిసిపోయింది. ఆ సాయంత్రమే ఫోటో తీసి పంపాను కూడా.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. అదే సంవత్సరం కోతపండుగలో కానుకల వేలంపాట డబ్బు లెక్క నేను రెండు వారాలు ఆలస్యంగా, గుర్తున్నంతవరకు రాశాను. కొంత తక్కువ చూపింది. మా సంఘపెద్దల్లో ఒకాయన, వయసులో నాకు తండ్రిలాంటివాడు, సభ్యుల కూటంలో లేచి నిలబడి అడిగాడు. "అయ్యగారూ, ఈ లెక్క మళ్ళీ ఒకసారి చూద్దామా?" అన్నాడు. అంతే అన్నాడు. చూశాం. రెండు పాటల డబ్బు రాయడం మరిచిపోయాను. నా బీరువాలో కవరు దొరికింది. లెక్క తేలింది. అందరూ టీ తాగి వెళ్ళిపోయారు.

లెక్క తేలింది గాని నా మనసు తేలలేదు. అందరి ముందు అడిగాడే అన్న మాట లోపల అంటుకుపోయింది. ప్రతి ఆదివారం ఆయన "వందనాలయ్యగారూ" అనేవాడు, నేను "వందనాలు" అనేవాణ్ణి. చేతులు కలిపేవాళ్ళం. ఆయన ఒకసారి ప్రార్థన కాస్త పొడవుగా చేస్తే, నా కోసమే చేస్తున్నాడనుకున్నాను. ఒకసారి ఆరాధనకు రాకపోతే, కావాలనే రాలేదనుకున్నాను. ఆ తర్వాత ఆయన మాట్లాడినా, మాట్లాడకపోయినా, దానికో పొర చేరింది. ఆ రోజుల్లోనే క్షమాపణ మీద మూడు వారాలు ప్రసంగాలు చేశాను. బాగున్నాయని చాలామంది చెప్పారు.

ఇక పోయిన ఈస్టర్ ముందటి శనివారానికి వస్తాను. పొద్దు ఇంకా బాగా ఎక్కలేదు, గడ్డి మీద మంచు తడి ఆరలేదు. అయినా తొందరలో మిషన్ దించాను. ఆ పెద్దాయన తన భార్య సమాధి దగ్గర గొంతుక్కూర్చుని సున్నం వేసుకుంటున్నాడు. నేను పది అడుగుల దూరంలో కోస్తున్నాను. పాత సమాధి గట్టు నుండి రాలిన ఇటుక ముక్క ఒకటి గడ్డిలో ఉంది. నేను చూడలేదు. ఠపీమని చప్పుడైంది. ఆయన "అమ్మా" అని కాలు పట్టుకుని కూలబడ్డాడు.

ఈ యంత్రం బ్లేడు నిమిషానికి దాదాపు 3,000 సార్లు తిరుగుతుంది. 21 అంగుళాల బ్లేడు కొన వేగం లెక్కకడితే గంటకు 300 కిలోమీటర్లు వస్తుంది. ఆ కొనకు తగిలిన రాయిని ఆపడానికే డొప్ప ఉన్నది. కాళ్ళకూ రాళ్ళకూ మధ్య అడ్డుగోడ అది. నేను రంగువేసి కప్పిన చోట రేకు అట్టముక్కలా చీరుకుపోయి, ఇటుక ముక్క దానిలోంచే దూసుకొచ్చింది.

ఆరోగ్య కేంద్రంలో రెండు కుట్లు వేసి, టి.టి. ఇంజక్షన్ ఇచ్చారు. కన్నుకు తగిలితే? పక్కన సున్నం బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఆయన మనవడికి తగిలితే? ఆ మాట ఇప్పుడు రాస్తున్నా చేతులు చల్లబడుతున్నాయి.

ఈస్టర్ ఆరాధన అయ్యింది. సోమవారం మిషన్‌ను ఆటోలో వేసుకుని సెంటర్లో వెల్డింగ్ కుర్రవాడి దగ్గరకు తీసుకెళ్ళాను. అతడు దాన్ని తిరగేశాడు. నేను మొదటిసారి దాని కడుపు చూశాను. నల్లగా, అరచేతి మందాన, పుల్లటి కుళ్ళు వాసన. అతడు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే చెక్కు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. చెక్కుతోపాటు రంగు, రంగుతోపాటు ఎర్రటి రేకు పొరలు. ఒకచోట స్క్రూడ్రైవర్ అవతలికి వచ్చేసింది.

"దీని మీద ఒక పట్టీ అతికించెయ్ బాబూ" అన్నాను.

"కుళ్ళిన రేకుకు వెల్డింగ్ పట్టదయ్యగారూ. మంచి రేకు తగిలేదాకా కోసెయ్యాలి" అన్నాడు. తర్వాత నా రంగు అతుకును గోటితో గీకి, "దీనికి రంగెవరేశారు?" అని అడిగాడు.

నేనే అని చెప్పాను.

ఆ సాయంత్రం మా అమ్మగారితో కలిసి ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. దెబ్బ ఎలా ఉందని అడగడానికే అనుకుని బయలుదేరాను. మంచం పక్కన కూర్చున్నాక, పరిసయ్యులతో ప్రభువు చెప్పిన గిన్నె పోలిక, పైన తెల్లగా లోపల వేరుగా ఉండే సమాధుల పోలిక గుర్తొచ్చాయి. ఎన్నిసార్లు ప్రసంగించానో ఆ వాక్యభాగం. ఎప్పుడూ ఎవరో ఒకరి గురించే. "అది ప్రమాదం కాదు పెద్దయ్యా. రేకు పుచ్చిందని నాకు తెలుసు. రంగు వేసి కప్పాను" అన్నాను. ఆపైన, ఆ కోతపండుగ లెక్క దగ్గరనుండి నా మనసులో ఉన్నదంతా చెప్పాను. మీరు అడిగింది న్యాయమే, తప్పు నాదే, అయినా రెండేళ్ళుగా మీమీద కోపం మోస్తున్నానని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలుసయ్యగారూ. చెయ్యి కలిపినప్పుడే తెలిసేది" అన్నాడు. కాసేపాగి, "నేనూ ముందు మీ ఇంటికొచ్చి అడగాల్సింది" అన్నాడు. ప్రార్థన ఆయనే చేశాడు. పొట్టిగా చేశాడు.

రాత్రి కువైట్‌కు ఫోటో పంపాను. ఈసారి డొప్ప అడుగు భాగం. జరిగింది రాసి, నీ అమ్మ జ్ఞాపకార్థం ఇచ్చినదాన్ని సరిగా చూసుకోలేదు, క్షమించమ్మా అన్నాను. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది. "బాధపడకండి అయ్యగారూ. ఇక్కడ మా మేడమ్ ఇల్లు శుభ్రంగా ఉందా లేదా అని చూడాలంటే ముందు సోఫా కిందే చూస్తుంది. మీరూ ఇకనుండి కిందే చూడండి" అంది.

ఇప్పుడు ఆ ఇద్దరు సేవకులకు, ఇంకా మిషన్ ఉన్న ప్రతి సంఘానికి, నేను దెబ్బతిని నేర్చుకున్నది చెబుతాను.

మొదటిది, తిరగేసే ముందు ఇంజన్ చల్లారనివ్వండి, ప్లగ్గు వైరు పీకి పక్కకు పెట్టండి. చేత్తో బ్లేడు కదిలించినా ఇంజన్ అంటుకునే అవకాశం ఉంది. వేళ్ళు పోతాయి. పెట్రోలు ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు చేయడం మేలు. వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైకి ఉండేలా వంచండి. నేను మొదటిసారి అటుది ఇటు వంచాను. ఆయిలంతా ఫిల్టర్‌లోకి పోయి, మర్నాడు తెల్లటి పొగతో సమాధుల తోట నిండిపోయింది. మీ మిషన్ ఎటు వంచాలో దాని పుస్తకంలో ఉంటుంది, చూడండి.

రెండోది, చెక్కును కోసిన రోజే తీయండి. తడిగా ఉన్నప్పుడు వెదురు బద్దతో గీకితే అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎండితే సిమెంటులా అవుతుంది. ఇనుప పార లాంటివాటితో బాదితే రంగు లేచిపోతుంది, తుప్పుకు మనమే తలుపు తీసినట్టు. నీళ్ళతో కడిగితే ఇంజన్ మీద చల్లకండి. కడిగాక నిలబెట్టి, వైరు తగిలించి, రెండు నిమిషాలు నడిపితే బ్లేడు గాలికే చాలావరకు ఆరిపోతుంది. తడిగా మాత్రం గదిలో పెట్టకండి.

మూడోది, మంచు ఆరాక కోయండి. పొద్దున పది దాటనివ్వండి. మోకాలెత్తు గడ్డిని ఒకేసారి నేలకు దించాలనుకోకండి. చక్రాలు పైకి పెట్టి ఒకసారి, దించి ఒకసారి కోయండి. కోయకముందు రాళ్ళు, ఇటుక ముక్కలు, పూలదండల తీగలు ఏరండి. దగ్గర్లో మనుషులెవరూ లేకుండా చూసుకోండి.

నాలుగోది, తుప్పు ఇప్పటికే పట్టి ఉంటే. బ్లేడు విప్పి, ఏ వైపు కిందికి ఉందో గుర్తుపెట్టుకోండి. వైర్ బ్రష్షుతో, తర్వాత ఎమెరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. రోజంతా ఎండబెట్టండి. అప్పుడు రెడ్ ఆక్సైడ్ పలుచగా రెండు పూతలు, ఆరాక ఎనామిల్ రెండు పూతలు. బ్లేడు బిగించే ఇరుసు మీద, మరల మీద రంగు పడనివ్వకండి. తుప్పు మీద నేరుగా వేసిన రంగు నిలవదు. దానికి సాక్షిని నేనే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయేంత పుచ్చితే రంగు మందు కాదు. మంచి రేకు దాకా కోయించి పట్టీ వేయించాలి. ఇంజన్ కూర్చునే చోటే పుచ్చితే ఆ డొప్ప పని అయిపోయినట్టే, ఇక దాన్ని నడపకండి.

అయిదోది, పూతల గురించి. ఒక సహోదరుడి మాట విని కాలిన ఆయిలు పూశాను. ఇసుక, గడ్డి దానికి ఇంకా బాగా అంటుకున్నాయి. సమాధి పలకల మీద నల్లటి మరకలు పడ్డాయి, పడినచోట గరిక మాడింది. పట్నంలో దొరికే సిలికాన్ స్ప్రే కొన్ని కోతల వరకు గడ్డిని జారనిస్తుంది, తర్వాత అరిగిపోతుంది. మంచి రంగు కూడా మా ఇసుక నేలలో గడ్డి బయటికి వచ్చే నోటి దగ్గర ముందుగా అరిగిపోతుంది. అక్కడ ఏటా కొత్తగా వేయాలి. ఒక్కసారి పూసి మరిచిపోయే మందు నాకైతే దొరకలేదు. ప్రతిసారీ తిరగేసి గీకడమే మందు.

ఆరోది, ఎక్కువ రోజులు పక్కన పెట్టేటప్పుడు గీకి, ఆరబెట్టి, గుడ్డతో పలుచగా నూనె చెయ్యి తిప్పి, చెక్క పలక మీద పెట్టండి. టార్పాలిన్‌తో బిగించి కట్టకండి. లోపల చెమ్మ చేరి, బయట వానకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

పౌలు ఎఫెసీయులకు రాస్తూ పొద్దుగుంకేలోపు కోపం దించుకోమన్నాడు. అది మంచి మర్యాద నేర్పే మాట అనుకునేవాణ్ణి ఇదివరకు. ఇప్పుడు వెదురు బద్ద చేతిలో పట్టుకున్నప్పుడల్లా ఆ మాటలోని పని తెలుస్తుంది. ఆ రోజుది ఆ రోజే అయితే అయిదు నిమిషాలు చాలు. రెండేళ్ళు ఆగితే వెల్డింగ్ షాపుకు పోవాలి.

ఆ పెద్దాయనా నేనూ ఇప్పుడు ఏ పొరా లేకుండా ఉన్నామని చెబితే అబద్ధమవుతుంది. పోయిన నెల కూటంలో ఆయన మళ్ళీ ఒక లెక్క అడిగాడు. లోపల చిన్నగా ఏదో అంటుకున్నట్టే అనిపించింది. కూటం అయ్యాక ఆయన సైకిల్ దగ్గరకు వెళ్ళి, "పెద్దయ్యా, ఆ మాట నాకు కాస్త గుచ్చుకుంది" అని చెప్పాను. ఆయన నవ్వి, "ఈసారి త్వరగా చెప్పారు" అన్నాడు. ఆయన కాలి మీద మచ్చ ఇంకా ఉంది. మా డొప్ప మీద కూడా పట్టీ కనబడుతూనే ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగు వేయనివ్వలేదు నేను. రెడ్ ఆక్సైడ్ ఎరుపుతోనే వదిలేశాను.

వానలు మొదలయ్యాయి. మీ దగ్గర గడ్డి మిషన్ ఉంటే ఈ రోజు తిరగేసి చూడండి. మిషన్ లేనివారికి కూడా తిరగేసి చూసుకోవలసినది ఏదో ఒకటి ఉంటుంది.

ప్రార్థన: ప్రభువా, మేము తుడుచుకునే పై భాగమే కాదు, ఎవరికీ చూపని అడుగు భాగం కూడా నీకు తెలుసు. రంగు వేసి కప్పకముందే దాన్ని తిరగేసే ధైర్యం మాకు దయచేయుము. మా నిర్లక్ష్యం వల్ల గాయపడినవారిని స్వస్థపరచుము. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు